గాజుపోగులో వెలుగు: పంచాయతి సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

పంచాయతి కార్యాలయమున గోడకు బిగించిన చిన్న పెట్టె నొకదానిని సభ్యులలో పెక్కురు చూచియే యుందురు. దానిలోనికి వెలుపలి నుండి సన్నని తీగ యొకటి వచ్చును. పెట్టెమీది దీపములు పచ్చగా నిలుకడగా వెలుగుచున్న దినమున కార్యాలయపు కంప్యూటరు చక్కగా పనిచేయును. ఎఱ్ఱదీపము మినుకుమినుకుమనిన దినమున పనులు నిలిచిపోవును. ధ్రువపత్రమునకై వచ్చిన రైతు, దరఖాస్తు ఏమైనదో కనుగొనవచ్చిన వృద్ధురాలు “రేపు రండు” అను మాట విని మరలిపోవుదురు. కూలి మానుకొని వచ్చినవారికి ఆ ఒక్క మాట ఒక దినపు కూలిని నష్టపరచును.

ఆ తీగలో రాగి లేదు. దానిలో విద్యుత్తు ప్రవహింపదు. అందున్నది వెండ్రుకవంటి గాజుపోగు. దానిలో ప్రవహించునది వెలుగు. ఇంజనీరింగు విద్యార్థులు పుస్తకములలో దీనినే దృశా తంతువు అను పేర చదువుకొందురు. వాడుకలో ఆప్టికల్ ఫైబరు అందురు. ఈ తీగ గ్రామపు పొలిమేరలో ప్రవేశించినది మొదలు దాని క్షేమము చాలవరకు గ్రామస్థుల జాగ్రత్తపై ఆధారపడియున్నది. ఒక వస్తువును కాపాడవలెనన్న ముందుగా అది పనిచేయు తీరు తెలియవలెను. కావున ఆ తీరును, దాని నుండి పంచాయతులు గ్రహింపదగిన కర్తవ్యమును ఇందు వివరించుచున్నాము.

తంతి నుండి తంతువునకు

మన దేశమున తంతి వార్తలు 1851లో కలకత్తా, డైమండ్ హార్బరుల నడుమ మొదలైనవి. ఇనుప తీగలో విద్యుత్తును కొంతసేపు పంపుట, ఆపుట, మరల పంపుట అను పద్ధతిచే అక్షరములను గుర్తులుగా మార్చి పంపెడివారు. ఈ తంతి సేవ 2013 జులై నెలలో ముగిసినది. కాని దానిలోని మూలసూత్రము మాత్రము ముగియలేదు. నేటి గాజుపోగులోను వార్త పోవు పద్ధతి అదియే. విద్యుత్తునకు బదులు వెలుగును వెలిగించుచు, ఆర్పుచు పంపుదురు. తంతి గుమాస్తా నిముషమునకు కొన్ని పదములు మాత్రమే పంపగలిగెడివాడు. నేటి యంత్రము సెకనులో వందల కోట్ల మార్లు వెలుగును మార్చి పంపగలదు.

మరి రాగితీగతోనే ఈ పని చేయరాదా యని ప్రశ్న కలుగవచ్చును. కొంతవరకు చేయవచ్చును. అయితే రాగితీగలో సంకేతముల వేగము పెంచినకొలది వాని బలము త్వరగా తగ్గిపోవును. ప్రక్క తీగలోని సంకేతము దీనిలోనికి చొచ్చును. మెఱుపులు, విద్యుత్ మోటారులు కలవరము కలిగించును. రాగికి సంతలో వెల గలదు గనుక దొంగల భయము సరేసరి. గాజు విద్యుద్వాహకము కాదు గనుక గాజుపోగునకు పై కలవరము లుండవు. దానిని అమ్ముకొనుటకును వీలులేదు. ఈ సంగతి గ్రామస్థులందరకు తెలియుట మేలు. ఏలయన, రాగి యున్నదను భ్రమతో ఈ తీగను కోసికొనిపోయినవారికి లాభమేమియు ఉండదు, ఊరికి మాత్రము నష్టము మిగులును.

వెలుగునకు ఇంతటి సామర్థ్య మెట్లు కలిగినది? మధ్యతరంగ రేడియోలో తరంగము సెకనుకు సుమారు పదిలక్షల మార్లు కంపించును. దూరప్రాంతములకు వార్తలు పంపుటకు వాడు వెలుగు సెకనుకు సుమారు 193 లక్షల కోట్ల మార్లు కంపించును. తరంగపు కంపనములు ఎంత అధికమైన దానిపై అంత అధికముగా సమాచారమును మోపుటకు వీలు కలుగును. ఎడ్లబండికిని రైలునకును గల తారతమ్యము దీనిముందు అత్యల్పము.

వెలుగు పోగులో నిలుచు విధము

వెలుగు ఋజుమార్గమున పోవునని బడిపిల్లలకు సైతము తెలియును. మరి వంకరలు తిరిగిన తీగలో అది యెట్లు పోవును? ఇందులకు కారణము ప్రకృతిలోనే కలదు.

వెలుగు గాలిలో కంటె నీటిలోను, నీటిలో కంటె గాజులోను మెల్లగా పోవును. శూన్యమున సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు పోవు వెలుగు గాజులో సుమారు రెండు లక్షల కిలోమీటర్లు మాత్రమే పోవును. ఒక పదార్థము నుండి వేరొక పదార్థములోనికి దాటునపుడు వేగము మారుటవలన వెలుగు దారి కొంత వంగును. నీటిలో సగము ముంచిన కఱ్ఱ విరిగినట్లు కనబడుట ఇందువలననే. దీనిని వక్రీభవనమందురు.

వెలుగు గాజు నుండి గాలిలోనికి పోవునపుడు ఒక విశేషము కలదు. అది సరిహద్దును నిటారుగా తాకినచో వెలుపలికి పోవును. ఏటవాలు పెరిగినకొలది మరింత వంగి పోవును. ఏటవాలు ఒక హద్దు మించినచో వెలుపలికి పోవుట పూర్తిగా మాని, అద్దముమీద పడినట్లు లోనికే మరలును. ఆ హద్దునకు సందిగ్ధ కోణమని పేరు. సాధారణ గాజునకు గాలితో అది సుమారు 42 డిగ్రీలు. ఇట్లు వెలుగంతయు లోనికే మరలుటను సంపూర్ణాంతర పరావర్తనమందురు. అద్దము కూడ కొంత వెలుగును పీల్చుకొనును. ఈ పరావర్తనమున ఆ నష్టము లేదు. కావుననే గాజుపోగులో వెలుగు గోడనుండి గోడకు తగులుచు, బయటపడక, మైళ్లకొలది దూరము పోవును.

దీనిని మన బడులలో సులభముగా చూపవచ్చును. అడుగున ప్రక్కగా చిన్న రంధ్రము చేసిన పారదర్శకపు సీసాలో నీరు నింపి, చీకటి గదిలో, రంధ్రమునకు ఎదుటి ప్రక్కనుండి టార్చిలైటు వేయవలెను. ధార వంగి పడుచుండగా వెలుగు కూడ ధారతోపాటు వంగి వచ్చి, ధార పడుచోట చేతిని ఉంచినచో చేతిమీద మెఱయును. జెనీవాలో డానియల్ కొలడాన్ 1840 దశకపు తొలినాళ్లలోను, లండనులో జాన్ టిండాల్ 1854లోను ఇట్టి ప్రయోగమునే పండితుల యెదుట చూపిరి.

పోగులో రెండు పొరలు

ఒంటి గాజుపోగునకు ఒక లోపము కలదు. దాని ఉపరితలముపై ధూళియో చెమ్మయో అంటినచో ఆ చోటున వెలుగు బయటకు కారిపోవును. దీనికి విరుగుడుగా లోపలి గాజుచుట్టును వేరొక గాజు పొరను తొడుగుదురు. లోపలి దానిని గర్భమనియు, పై పొరను కవచమనియు చెప్పుకొందము. గర్భమున వెలుగు వేగము కవచములోకంటె కించిత్తు తక్కువగా ఉండునట్లు చేయుదురు. ఈ వ్యత్యాసము వేయింట మూడు నాలుగు వంతులు మాత్రమే. కాని వెలుగును లోపలనే నిలుపుటకు ఇది చాలును. పరావర్తనము రెండు గాజుల సరిహద్దున జరుగును గనుక వెలుపలి ధూళికి అచట తావులేదు.

కొలతలు ఆశ్చర్యము గొలుపును. మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రోమీటరందురు. దూరప్రాంతపు పోగులో గర్భము సుమారు 9 మైక్రోమీటర్లు. కవచముతో కలిపి 125 మైక్రోమీటర్లు. అనగా ఎనిమిది పోగులు ప్రక్కప్రక్కన పేర్చిన ఒక మిల్లీమీటరు అగును. దానిపై ప్లాస్టిక్ పూత, ఆపై గొట్టములు, బలమైన నారలు, దళసరి తొడుగు ఉండును. చేతికి లావుగా తగులునదంతయు ఈ రక్షణయే. పనిచేయునది నడుమనున్న దారపు పోగుకంటె సన్నని గాజు మాత్రమే.

రెండు గాజుల వ్యత్యాసము అత్యల్పము గనుక వెలుగు ఇంచుమించు పోగు దారివెంటనే పోవలెను. తీగను మెల్లగా వంచిన భయములేదు. వ్రేలికి చుట్టినట్లు గట్టిగా మడచినచో వెలుగు ఆ మడతవద్ద హద్దు దాటి బయటకు పోవును. తీగ తెగకున్నను, పైకి చక్కగా కనబడుచున్నను, కార్యాలయపు పెట్టెకు వెలుగు చాలకపోవుటకు ఇదియొక కారణము. మేకుకు చుట్టిన తీగ, బీరువా క్రింద నలిగిన తీగ, తలుపు సందున చిక్కిన తీగ ఇట్లు బాధించును.

అక్షరము వెలుగుగా మారుట

కంప్యూటరు ప్రతి అక్షరమును సున్న, ఒకటి అను రెండే అంకెల వరుసగా మార్చుకొనును. మన “అ” అక్షరము నేడు విరివిగా వాడుకలోనున్న పద్ధతిలో 11100000 10110000 10000101 అను ఇరువదినాలుగు అంకెలుగా మారును. ఒకటి వచ్చినచోట వెలుగు ప్రకాశవంతముగాను, సున్న వచ్చినచోట మసకగాను పంపినచో, అవతలి చివర నున్న పరికరము ఆ వెలుగును మరల విద్యుత్తుగా మార్చి, అంకెలు లెక్కించి, “అ” అని గ్రహించును.

గుణింతపు గుర్తులతో సహా రెండువేల గుర్తులు గల ఒక పుట 48,000 అంకెలగును. సెకనుకు పదికోట్ల అంకెలు మోయు సంబంధమున్నచో ఆ పుట సెకనులో రెండువేలవ వంతు కాలమున సాగిపోవును. ఛాయాచిత్రములకును, వైద్యుడు దూరమునుండి రోగిని చూచుటకు వలయు చలనచిత్రములకును ఇంతకంటె ఎన్నోరెట్లు అంకెలు కావలెను. గ్రామములకు గాజుపోగు కావలసివచ్చుటకు ఇదియే ముఖ్యకారణము.

వెలుగును పుట్టించునది లేజరు అను చిన్న అర్ధవాహక పరికరము. ఇది పంపు వెలుగు పరారుణ కాంతి, కంటికి కనబడదు. మన కన్ను సుమారు 400 నుండి 700 నానోమీటర్ల తరంగములను చూడగలదు. పోగులలో వాడునవి 1310, 1490, 1550 నానోమీటర్ల తరంగములు. గాజులో ఇవి తక్కువ నష్టముతో పోవును గనుక వీనిని ఎన్నుకొనిరి. కంటికి కనబడనంత మాత్రమున హాని లేదనరాదు. తెగిన పోగు చివరలోనికి గాని, పెట్టె రంధ్రములోనికి గాని తొంగిచూచుట కంటికి ప్రమాదము.

గాజును శుద్ధిచేసిన కథ

ఈ విద్యకు పునాదివేసిన వారిలో భారతీయుడొకడు కలడు. 1926లో పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ లండనులోని ఇంపీరియల్ కళాశాలలో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి, గాజుపోగుల కట్టద్వారా చిత్రమును పంపవచ్చునని నిరూపించెను. వారి వ్యాసము 1954 జనవరిలో నేచర్ పత్రికయందు వెలువడెను. అదే సంచికలో హాలెండు శాస్త్రజ్ఞుడు వాన్ హీల్ పోగునకు కవచము తొడుగుటను గూర్చి ప్రకటించెను. కపానీ 2020లో మరణించెను. భారత ప్రభుత్వము 2021లో ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ బిరుదము నొసగెను.

అయితే నాటి గాజు వైద్యుని పరికరములకు చాలునే గాని దూరవార్తలకు చాలదు. నాటి మేలైన గాజులో సైతము ఇరువది మీటర్లు పోవునప్పటికి వెలుగు నూరింట ఒక వంతుకు తగ్గెడిది. 1966లో ఇంగ్లండులో చార్లెస్ కావో, జార్జి హాక్‌హామ్ అనువారు ఒక ముఖ్యమైన మాట చెప్పిరి. లోపము గాజుది కాదు, దానిలోని ఇనుము మొదలగు మాలిన్యములది, శుద్ధిచేసినచో కిలోమీటరు పోయిన పిమ్మట నూరింట ఒక వంతు మిగులు పోగును తయారుచేయవచ్చును, అంతమాత్రము చాలును. నాలుగేండ్లలో, అనగా 1970లో, అమెరికాలోని కార్నింగ్ సంస్థలో మౌరర్, కెక్, షుల్ట్జ్ అను మువ్వురు ఈ హద్దును దాటిరి. వారి పోగులో కిలోమీటరునకు నూరింట రెండు వంతులు మిగిలెను. మామూలు వేడిలోనే ఎడతెగక వెలుగు అర్ధవాహక లేజరులు కూడ ఆ సంవత్సరముననే సిద్ధమైనవి. కావోకు 2009లో నోబెల్ బహుమానము లభించెను.

నేటి పోగులో 1550 నానోమీటర్ల వెలుగు కిలోమీటరు దాటిన పిమ్మట నూరింట తొంబదియైదు వంతులకు పైగా మిగులును. పదునైదు కిలోమీటర్ల పిమ్మటను సగము మిగులును. ఇట్టి గాజును ఇసుకను కరగించి చేయరు. సిలికాన్ సమ్మేళనపు ఆవిరిని ప్రాణవాయువుతో కలిపి, శుద్ధమైన గాజును పొరలు పొరలుగా పేర్చి, లావుపాటి కడ్డీ చేయుదురు. గర్భభాగమున జెర్మేనియమును చేర్చుదురు. ఆ కడ్డీని ఎత్తైన గోపురముపై సుమారు 2,000 డిగ్రీల వేడిలో మెత్తబరచి, పాకమునుండి తీగ సాగదీసినట్లు సన్నని పోగుగా లాగుదురు.

మండలమునుండి గ్రామమునకు

గ్రామపంచాయతులను గాజుపోగుతో కలుపు జాతీయ పథకమునకు కేంద్ర ప్రభుత్వము 2011 అక్టోబరులో ఆమోదము నొసగెను. తరువాత దీనికి భారత్‌నెట్ అను పేరు కలిగినది. మొదటి దశలో లక్షకుపైగా పంచాయతులకు పోగు చేరినట్లు 2017 డిసెంబరునాటికి ప్రకటించిరి. 2023 ఆగస్టులో ₹1,39,579 కోట్ల వ్యయముతో సవరించిన కార్యక్రమమును ఆమోదించిరి. ఆంధ్రప్రదేశమున విద్యుత్ స్తంభములపై తీగను లాగి ఫైబరునెట్ అను వ్యవస్థను నిర్మించగా, 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి దానిని ప్రారంభించెను. తెలంగాణమున మిషన్ భగీరథ నీటిగొట్టముల కందకములలోనే పోగునకు గొట్టములు వేసి, టీ-ఫైబరునకు దారి చేసిరి.

మండలకేంద్రమున నున్న యంత్రము నుండి ఒక పోగు బయలుదేరును. నడుమ నొకచోట విభాజకమను చిన్న గాజు పరికరముచే ఆ వెలుగు పెక్కు పోగులుగా చీలును. మడినుండి మడికి నీరు పంచు కాలువ దీనికి తగిన పోలిక. ఈ విభాజకమునకు విద్యుత్తు అక్కరలేదు. మండలము నుండి సెకనుకు సుమారు 248 కోట్ల అంకెలు 1490 నానోమీటర్ల వెలుగుపై వచ్చును. గ్రామములనుండి తిరిగి సుమారు 124 కోట్లు 1310 నానోమీటర్లపై పోవును. రెండును ఒకే పోగులో ఎదురెదురుగా పోయినను, తరంగములు వేరగుటచేత ఒకదాని నొకటి అడ్డవు.

మండలమునుండి వచ్చు వెలుగు అన్ని గ్రామములకు చేరును. ప్రతి పెట్టెయు తనకు చెందిన దానిని మాత్రమే గ్రహించును. తిరిగి పంపునపుడు అందరు నొకేమారు పంపినచో గందరగోళమగును. అందుచే మండల యంత్రము ప్రతి పెట్టెకును వంతు నిర్ణయించును. సభలో సర్పంచి అనుమతించిన పిమ్మట ఒక్కొక్క సభ్యుడు మాటాడునట్లే యిది జరుగును.

గ్రామములోని పెట్టెకు మాత్రము విద్యుత్తు కావలెను. గాజుపోగు విద్యుత్తును తేజాలదు. కావున కరెంటు పోయినపుడు పెట్టె ఆరిపోవుట పోగు దోషము కాదు. మంచి బ్యాటరీ యున్నచో ఈ లోపము తీరును.

వెలుగునకును ఆదాయవ్యయ పట్టిక కలదు

ప్రతి సంవత్సరము బడ్జెటును ఆమోదించు సభ్యులకు ఇక్కడి లెక్క సులభముగా బోధపడును. వెలుగు నష్టమును డెసిబెల్ అను కొలతతో లెక్కింతురు. మూడు డెసిబెళ్ల నష్టమనగా వెలుగు సగమగుట. పదియనగా పదవ వంతగుట. ఇరువదియనగా నూరవ వంతగుట. దీని సౌకర్యమేమనగా, దారిలోని నష్టములను వరుసగా కూడుకొనిన చాలును.

పంపు యంత్రమునకును గ్రామపు పెట్టెకును నడుమ 28 డెసిబెళ్ల వరకు నష్టమును ఓర్చు పరికరము లున్నవనుకొందము. ఇదియే మన ఆదాయము. ఇక వ్యయములు చూతము. మండలమునుండి గ్రామమునకు 16 కిలోమీటర్లు, కిలోమీటరునకు 0.35 చొప్పున 5.6. పదునారు శాఖలుగా చీల్చు విభాజకమున సుమారు 14. దారిలో పది అతుకులు, ఒక్కొక్కటి 0.1 చొప్పున 1. నాలుగు బిగింపులు, ఒక్కొక్కటి 0.5 చొప్పున 2. మొత్తము 22.6. మిగులు 5.4 డెసిబెళ్లు.

ఈ మిగులే ఊరికి నిలువధనము. ఇపుడు మురుగుకాలువ త్రవ్వుచు యంత్రము తీగను తెంచినదనుకొందము. తెగినచోట క్రొత్త ముక్క వేసి రెండు అతుకులు చేయవలెను. శిక్షణ పొందిన పనివాడు విద్యుజ్జ్వాలతో గాజును కరగించి అతికినచో రెంటికి కలిపి 0.2 మాత్రమే ఖర్చగును. తొందరలో, ధూళిలో, సరియైన పరికరము లేక అతికినచో ఒక్కొక్క అతుకు ఒక డెసిబెల్ తినవచ్చును, రెంటికి 2. ఇట్లు మూడు మార్లు తెగినచో 6 డెసిబెళ్లు పోవును. నిలువ 5.4 మాత్రమే! పోగు మొదటినుండి చివరవరకు అతికియే యున్నను, కార్యాలయమున ఎఱ్ఱదీపమే వెలుగును. “నిన్ననే బాగుచేసిరి, నేడు మరల పోయినది” అను ఫిర్యాదు వెనుక పెక్కుమార్లు ఈ చిన్న కూడికయే దాగియుండును.

కావున ప్రతి తెగుదలయు ఆనాటి అసౌకర్యముతో తీరునది కాదు. తీగ ఉన్నంతకాలము మిగిలియుండు అప్పు. తెగనీయకుండుటయే ఉత్తమము, తెగినచో సక్రమముగా అతికించుట రెండవది.

తెగినచోటును కనుగొనుట

భూమిలో తెగినచోటును త్రవ్వి వెదకనక్కరలేదు. గాజు వెలుగులో అత్యల్పభాగమును అంతట వెనుకకు చెదరగొట్టుచుండును. ఆకాశము నీలముగా కనబడుటకు కారణమైన చెదరుపాటు వంటిదే యిది. పరీక్షాయంత్రము పోగులోనికి వెలుగు తునకను పంపి, మరలివచ్చు వెలుగును కాలముతో సహా కొలుచును. తెగిన చోటినుండి వెలుగు సెకనులో పదివేలవ వంతుకు మరలివచ్చినచో, సెకనుకు రెండు లక్షల కిలోమీటర్ల చొప్పున అది పోయివచ్చిన దూరము ఇరువది కిలోమీటర్లు. కావున తెగినచోటు పది కిలోమీటర్ల తీగ పొడవున ఉన్నది.

కాని యంత్రము చెప్పునది తీగ పొడవు మాత్రమే. ఆ పొడవు ఏ చింతచెట్టు వద్దకు, ఏ కల్వర్టు వద్దకు వచ్చునో చెప్పువారు గ్రామమున ఉండవలెను. తీగ పోయిన దారి పంచాయతిలో వ్రాసియున్నచో మరమ్మతు గంటలలో ముగియును. లేనిచో దినములు పట్టును.

పంచాయతులు చేయదగినవి

మొదటిది: తీగ దారిని గుర్తించిన పటమును సంబంధిత శాఖనుండి పొంది కార్యాలయమున ఉంచవలెను. అతుకుపెట్టెలు, గుర్తురాళ్లు ఉన్నచోట్లను అందు చేర్చవలెను. గుర్తురాళ్లను పెకలింపనీయరాదు.

రెండవది: రోడ్డు, మురుగుకాలువ, నీటిగొట్టము మొదలగు ఏ పనికి త్రవ్వవలసివచ్చినను ముందుగా తీగ యజమానులకు తెలుపవలెను. త్రవ్వకమునకు ముందు ఇట్లు తెలుపుట విధియని 2023లో కేంద్రప్రభుత్వ నియమములు నిర్ణయించినవి. ఇందులకై “కాల్ బిఫోర్ యు డిగ్” అను మొబైలు సాధనమును 2023 మార్చిలో ప్రారంభించిరి. పనుల ఒప్పందమునందే గుత్తేదారునకు ఈ షరతు విధించుట మంచిది. తీగను సామాన్యముగా 1.65 మీటర్ల లోతున, అనగా దాదాపు ఐదున్నర అడుగుల క్రింద, వేయుదురు. రాతినేలలలో అంత లోతు లేకపోవచ్చును. కనుక గుర్తులున్నచోట యంత్రమునకు బదులు పలుగుపారలతో జాగ్రత్తగా త్రవ్వించవలెను.

మూడవది: స్తంభములపై పోవు తీగకు గాలివాన తరువాత చెట్టుకొమ్మలు తగులుచున్నవేమో చూడవలెను. జారి వ్రేలాడు తీగ కనబడినచో గ్రామస్థులు దానిని లాగికట్టరాదు. దగ్గరలో విద్యుత్తీగ లుండును గనుక సంబంధిత సిబ్బందికే తెలుపవలెను.

నాలుగవది: కార్యాలయపు పెట్టెను చెమ్మ, ధూళి, ఎండ తగులనిచోట ఉంచి, బ్యాటరీని సరిచూచుచుండవలెను. తీగను మడవరాదు. బిగింపును ఊరక ఊడదీయరాదు. తొమ్మిది మైక్రోమీటర్ల గర్భముపై ఒక్క ధూళికణము పడినను వెలుగు ఆగును.

ఐదవది: దీపముల భాషను కనీసము ఇద్దరు నేర్చుకొనవలెను. పి.ఓ.ఎన్. అని వ్రాసిన దీపము పచ్చగా నిలిచినచో పోగు బాగున్నది. ఎల్.ఓ.ఎస్. దీపము ఎఱ్ఱగా మినుకుచున్నచో వెలుగు చేరుట లేదు. దీపములేవియు వెలుగనిచో లోపము విద్యుత్తుది. ఫిర్యాదులో ఈ సంగతి చెప్పినచో సిబ్బంది తగిన పరికరములతో వత్తురు. ఫిర్యాదు చేసిన దినమును, బాగైన దినమును పుస్తకమున వ్రాసి, సభలో చదివి వినిపింపవలెను. నెలలో పది దినములు పనిచేయని సంబంధమును “ఉన్నది” అని లెక్కించుట తగదు. వ్రాతమూలకమైన ఆధారమున్నపుడే పైయధికారుల నడుగుటకు బలము కలుగును.

ఆరవది: తెగినచోట రాలిన గాజుముక్కలను పిల్లలు తాకకుండ చూడవలెను. అవి చర్మములో దిగినచో కనబడవు, తీయుటయు కష్టము.

వలయపు మార్గము

పూర్వపు ఏర్పాటున తీగ పెక్కుచోట్ల చెట్టుకొమ్మవలె ఒకే దారిని పోయెడిది. నడుమ తెగినచో ఆవల గ్రామములన్నియు చీకటిలో పడెడివి. 2023లో ఆమోదించిన సవరణలో వలయపు మార్గమును ప్రధానముగా గ్రహించిరి. ఇందు తీగ ఒక దిక్కున బయలుదేరి గ్రామములను చుట్టి వేరొక దిక్కున మండలము చేరును. ఒకచోట తెగినను వెలుగు రెండవ దిక్కునుండి వచ్చును. వరదలో ఒక వంతెన మునిగినపుడు చుట్టుదారిన ఊరు చేరునట్లు ఇది ఉపకరించును. అయితే రెండు చోట్ల తెగినచో ఈ వలయమును కాపాడలేదు. మొదటి తెగుదలను వెంటనే అతికించినప్పుడే రెండవదానినుండి రక్షణ యుండును. ఒక గ్రామపు అజాగ్రత్త పొరుగు గ్రామముల నన్నిటిని బాధించును గనుక, తీగ దారిలోని పంచాయతులు ఒకరితో నొకరు కలిసి మెలగవలెను.

కపానీ నాటి ప్రయోగశాలలోని పోగుల కట్ట నేడు మన ఊరి మట్టిలో సాగుచున్నది. లక్షకోట్లకు మించిన ప్రజాధనము దానిపై వ్యయమగుచున్నది. కాని వృద్ధురాలికి ఆ వ్యయముతో పనిలేదు. తాను వచ్చిన దినమున పచ్చదీపము వెలుగుచున్నదా లేదా యనునదియే ఆమెకు ముఖ్యము. ఆ దీపమును నిలుపుటకు కావలసినది పెద్ద విద్య కాదు. తీగ దారిని తెలిసియుండుట, త్రవ్వుటకు ముందు అడుగుట, తెగినచో సక్రమముగా అతికించుకొనుట – ఈ మూడును ప్రతి పంచాయతికి సాధ్యమే. రానున్న సభలో తీగ దారి పటమును బల్లపై నుంచి, ఈ విషయమును చర్చించి, తీర్మానము చేయుదురుగాక.